వేళ తప్పని పనివాడు
(ప్రసంగ పాఠము)

వేసవి ముదిరినదనగా రెంటచింతల పేరు వార్తలలో వినబడక మానదు. పల్నాటి సీమలో మాచర్లకు, గురజాలకు నడుమనున్న ఈ ఊరు ఎండలకు పేరుపడినది. అచ్చటి ఉష్ణోగ్రత ఇంత అని వార్తలలో చెప్పగా విని, అరుగుమీద విసనకర్ర విసరుకొనుచున్నవారు ‘మన ఊరే నయము’ అని ఊరడిల్లుదురు. ఆ అంకె నమ్మదగినదేనా అని మాత్రము ఎవ్వరును అడుగరు. అడుగవలసిన అవసరము రాకుండుటయే దాని గొప్ప. ఏలయనగా ఆ అంకె వెనుక ఏండ్ల తరబడి వేళకు వేళ జరుగుచున్న ఒక చిన్న పని కలదు. ఆ పనిని గూర్చి ముందు నాలుగు మాటలు చెప్పి, అటుపై మా అసలు విషయమునకు వత్తుము.

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. దాని పరిశీలన కేంద్రములలో రెంటచింతల ఒకటి. ఇట్టి కేంద్రములలో ముఖ్యమైన వేళలు రెండు: ఉదయము ఎనిమిదిన్నర, సాయంకాలము అయిదున్నర. గాలి చొరబడునట్లు పలకలు ఏటవాలుగా అమర్చి, తెల్లరంగు పూసిన కొయ్యపెట్టెలో ఉష్ణమాపకములుండును. ఉదయమున కనిష్ఠోష్ణోగ్రతను, సాయంకాలమున గరిష్ఠోష్ణోగ్రతను చూచి వ్రాసికొందురు. పాతపద్ధతి గరిష్ఠమాపకములో పాదరసము ఎండకు పైకెక్కునే గాని, ఎండ తగ్గిన తరువాత తనంతట దిగిరాదు. గొట్టములో ఒకచోట నున్న నొక్కు దానిని అడ్డగించును. వైద్యుడు జ్వరము చూచు గొట్టమును విదిలించినట్లు దీనిని విదిలించి దింపవలెను. చదివిన పిమ్మట ఆ విదిలించుట మరచినచో, మరునాడు మబ్బుపట్టి చల్లబడినను మాపకము నిన్నటి ఎండనే చూపుచుండును. వర్షమాపకము సంగతియు అంతే. ఉదయము ఎనిమిదిన్నరకు అందలి నీటిని కొలిచి పారబోయవలెను. గడచిన ఇరువదినాలుగు గంటల వాన ఆనాటి లెక్కలో చేరును. పారబోయుట మరచినచో రెండునాళ్ళ వాన ఒకటిగా కలిసిపోవును.

ఇందు మూడంశములు గమనింపదగినవి. వేళ నిర్ణయమై యుండవలెను. ఆ వేళకు చేయవలసిన పని ఇదియని స్పష్టముగా నుండవలెను. ఒకమారు చేసిన తరువాత మరుసటి మారునకు సాధనమును సిద్ధపరచి యుంచవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను లెక్క చెడును. చెడిన లెక్కను తరువాత దిద్దుకొందమన్న వీలుపడదు. నిన్నటి ఎండను నేడు కొలువ ఎవరి తరము?

మనుష్యుడు ఇట్లు వేళకు చేయు పనులను కంప్యూటరునకు అప్పగించుట ఎట్లు, అప్పగించి నిశ్చింతగా నుండవచ్చునా అనునదే నేటి మా విషయము.

అడిగినవారికి అడిగినది అందించుచు రేయింబవళ్ళు మేల్కొనియుండు కంప్యూటరును సర్వరు అందురు. మీరు ఫోనులో రైలు వేళ చూచుకొన్నను, గ్యాసు బండకు చెప్పినను, కుమారునికి సొమ్ము పంపినను, ఎక్కడనో ఒక సర్వరు మీ మాట విని బదులు చెప్పుచున్నదన్నమాట. ఇట్టి సర్వరులలో పెక్కింటిని నడుపునది లినక్సు అను వ్యవస్థ. ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి అంకురార్పణ చేసెను. ఎవరైనను ఉచితముగా తెచ్చుకొనవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చుకొనవచ్చును. నేడు అది ఎంతగా వ్యాపించినదనగా, ప్రపంచమునందలి మిక్కిలి శక్తిమంతములైన అయిదువందల కంప్యూటరుల జాబితాలో 2017 నవంబరు నుండి ఉన్నవన్నియు లినక్సుపై నడుచునవే. వాతావరణ గణనల కొరకు మన దేశమున 2018లో నెలకొల్పిన ‘ప్రత్యూష్’, ‘మిహిర్’ అను మహాగణకములును ఆ కోవలోనివే. రెంటచింతలవంటి చోట్ల వేళకు తీసిన లెక్కలు తుదకు ఇట్టి యంత్రముల గణనలకే ముడిసరుకగును.

ఇంటికి బూజు దులుపుట, నీళ్ళతొట్టి కడుగుట, వానలకు ముందు పెంకులు సవరించుట ఎట్లో సర్వరునకును అట్టి ఇంటిపనులు కలవు. వానిలో ముఖ్యమైనవి నాలుగు చెప్పుదుము.

మొదటిది చిట్టాల సవరణ. సర్వరు తాను చేసిన ప్రతి పనిని ఒక చిట్టాలో వ్రాసికొనుచుండును: ఎవరు వచ్చిరి, ఏమి అడిగిరి, ఎక్కడ తడబడితిని అని. ఈ చిట్టా పెరిగి పెరిగి, యంత్రములోని చోటునంతయు ఆక్రమించినచో క్రొత్తగా ఒక్క అక్షరము వ్రాయుటకును తావుండదు. అంతటితో సేవయే నిలిచిపోవును. కావున వారమునకొకసారి పాత చిట్టాను ప్రక్కకు తీసి, అణచి చిన్నది చేసి, నాలుగైదు వారముల పాతవి ఉంచి, అంతకు ముందటివి తీసివేయుదురు. వర్షమాపకములోని నీటిని కొలిచి పారబోయుటకును దీనికిని భేదము లేదు.

రెండవది నకళ్ళు తీయుట. దస్తావేజు పోయినను నకలున్నచో బ్రతుకవచ్చును. ప్రతి రాత్రియు ఆనాటి మార్పుల నకలు తీసి వేరొక యంత్రమునందు, వీలైన వేరొక ఊరియందు భద్రపరుపవలెను. మూడవది మరమ్మతులు. ఏ వ్యవస్థలోనైనను దొంగలు దూరగల కంతలు ఎప్పటికప్పుడు బయటపడుచునే యుండును. వానిని పూడ్చు సవరణలు వచ్చినవా యని చూచి తెచ్చుకొనవలెను. నాలుగవది గుర్తింపు పత్రము. ‘ఈ సర్వరు ఫలానావారిదే, మోసము లేదు’ అని మీ ఫోనునకు నమ్మిక కలిగించు పత్రమొకటి ఉండును. 2015 నుండి ఈ పత్రములను ఉచితముగా నిచ్చుచున్న లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ మొదట వానికి తొంబది దినముల గడువు పెట్టినది. గడువింత కురుచగా నుండుటకు కారణములలో ఒకటి, పత్రమును మార్చు పనిని మనుష్యుని జ్ఞాపకమునకు విడువక యంత్రమునకు అప్పగింపజేయుట. మనుష్యుడు మరచును. పెండ్లిండ్లు వచ్చును, జ్వరము వచ్చును, సెలవు పెట్టును.

ఈ మరపునకు మందుగా పుట్టినదే క్రాన్. కాలము అను అర్థముగల ‘క్రోనోస్’ అను గ్రీకు పదమునుండి ఈ పేరు వచ్చినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో యూనిక్సు అను వ్యవస్థ పుట్టెను. లినక్సునకు నమూనా అదియే. 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పులో క్రాన్ ఉన్నది. దాని పద్ధతి మిక్కిలి సాదా. పూర్వము కచ్చేరి వాకిట గంట గంటకు గంట కొట్టు జవానుండెడివాడు. క్రాన్ అట్టి జవాను. అయితే నిమిషమునకొకసారి లేచును. లేచి, గోడమీది పట్టిక చూచును. ఈ నిమిషమున చేయవలసిన పని యేదైన ఉన్నచో చేయించును, లేనిచో మరల నిద్రించును. అంతే. 1987లో పాల్ విక్సీ అను నాతడు దీనిని తిరిగి వ్రాసెను. లినక్సు యంత్రములలో వ్యాపించిన క్రాన్‌లు పెక్కు ఆ వంశములోనివి.

జవాను చూచు పట్టికను క్రాన్‌టాబ్ అందురు. పంచాంగమునకు తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అని అయిదంగములున్నట్లే ఈ పట్టికలో ప్రతి పంక్తికిని అయిదు గళ్ళుండును. వరుసగా నిమిషము, గంట, తేది, నెల, వారము. వారములలో ఆదివారము 0, సోమవారము 1, శనివారము 6. గడిలో చుక్కగుర్తు పెట్టినచో ‘ఏదైనను సరే’ అని భావము. అయిదు గళ్ళ తరువాత చేయవలసిన పని పేరు వ్రాయుదురు.

రెంటచింతల పరిశీలకుని ఉదయపు వేళను ఈ భాషలో వ్రాసి చూతము:

30 8 * * *

అనగా, ఎనిమిది గంటల ముప్పది నిమిషములకు. తేది, నెల, వారము ఏవైనను సరే. సాయంకాలపు వేళను కూడ చేర్చవలెనన్న గంటల గడిలో 8,17 అని వ్రాసిన చాలును; గడియారము ఇరువదినాలుగు గంటల లెక్కది గనుక సాయంకాలము అయిదు పదునేడగును. ఆదివారము తెల్లవారుజామున రెండుంబావునకు పాత చిట్టాలు సవరింపవలెనన్న:

15 2 * * 0

ప్రతి నెల ఒకటవ తేది నాలుగు గంటలకు నెల లెక్క కట్టవలెనన్న:

0 4 1 * *

పది నిమిషములకొకసారి యంత్రములో చోటెంత మిగిలినదో చూడవలెనన్న నిమిషముల గడిలో */10 అని వ్రాయుదురు. పదితో అరువదిని భాగించిన శేషము లేదు గనుక ఇది చక్కగా నడుచును. ఏడు నిమిషములకొకసారి యని */7 వ్రాసినచో, ఏబదియారవ నిమిషమునకు ఒకసారి చేసి, గంట మారగానే మరల సున్నతో మొదలిడును; ఆ నడుమ ఎడము నాలుగే నిమిషములు. జవాను చూచునది గడియారపు ముల్లునే. వెనుకటి మారు ఎప్పుడు చేసితినని అతడు లెక్కింపడు.

ఇంతవరకు సులభము. చిక్కులిక చెప్పుదుము.

మొదటి చిక్కు కాలమునకు సంబంధించినదే. మన దేశపు కాలమానము 1906 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. మీర్జాపురము చెంతగా పోయి, కాకినాడకు చేరువలో మన తీరము దాటు ఎనుబదిరెండున్నర డిగ్రీల తూర్పు రేఖ దానికి ఆధారము. రెంటచింతల ఆ రేఖకు పడమరగా మూడు డిగ్రీలకు కొంచెము తక్కువ దూరమున నున్నది. కావున అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చుట సగటున గడియారపు మధ్యాహ్నము కంటె పండ్రెండు నిమిషములు ఆలస్యము. ఊరికొక మధ్యాహ్నము పెట్టుకొన్నచో లెక్కలు కలియవు గనుక దేశమునకంతకు ఒకే గడియారము. అట్లే ప్రపంచ వాతావరణ లెక్కలకంతకు ఒకే గడియారము; దానికిని మన గడియారమునకును అయిదున్నర గంటల ఎడము. మన ఉదయము ఎనిమిదిన్నర దానికి మూడు గంటలు. సాయంకాలము అయిదున్నర దానికి పండ్రెండు. రెంటచింతల వేళలలో ఆ ‘అర’ ఎందుకు వచ్చినదో శ్రోతలకిప్పుడు తెలిసియుండును.

సర్వరులను పెక్కుచోట్ల ఈ ప్రపంచ కాలమునకే త్రిప్పి యుంచుదురు. అట్టి యంత్రములో మన లెక్కను వ్రాసిన ఏమగును? సోమవారము తెల్లవారుజామున రెండు గంటలకు నకలు తీయవలెనని 0 2 * * 1 అని వ్రాసితిమనుకొందము. ఆ పని సోమవారము ఉదయము ఏడున్నరకు, అందరును పనికి కూర్చొను వేళకు మొదలగును. సరిగా వ్రాయవలెనన్న 30 20 * * 0 అని వ్రాయవలెను. ప్రపంచ కాలమున అది ఇంకను ఆదివారము రాత్రి ఎనిమిదిన్నర. గంటయే కాదు, వారము కూడ మారినది చూడుడు. ఏటికి రెండుమార్లు గడియారమును ముందునకు వెనుకకు జరుపు దేశములలో ఇంకొక తంటా కలదు: ఆ జరిపిన గంటలో పెట్టిన పని తప్పిపోవుటయో రెండుమార్లు జరుగుటయో కలుగవచ్చును. మనకు ఆ బెడద లేదు. యుద్ధకాలమున 1942 నుండి 1945 వరకు మన గడియారములను గంట ముందునకు జరిపిన ముచ్చట పెద్దలెరుగుదురు.

రెండవ చిక్కు తేదీకి, వారమునకు సంబంధించినది. అమావాస్యయు సోమవారమును కలసినప్పుడే సోమవతి అందురు. క్రాన్ లెక్క అట్లు కాదు. తేది గడిని, వారపు గడిని రెండింటిని నింపితిమా, ఆ రెండింటిలో ఏ ఒక్కటి కుదిరినను పని జరిగిపోవును. నెలలో మొదటి ఆదివారమున మాత్రమే చేయవలెనని తలచి 0 6 1-7 * 0 అని వ్రాసినవారు ఎందరో. కాని ఆ పని ప్రతి నెల మొదటి ఏడు దినములును జరుగును. ఆపై ప్రతి ఆదివారమును జరుగును. దీనికి ఉపాయము: ప్రతి ఆదివారము పిలువుమని పట్టికలో వ్రాసి, ‘తేది ఏడు దాటినచో చేయకుము’ అన్న షరతును పనిలోనే పెట్టుట. ముప్పదియొకటవ తేదీని పెట్టుటయు ఇట్టి పొరపాటే. ముప్పది దినముల నెలలలో ఆ పని జరుగదు; ఫిబ్రవరి సంగతి చెప్పనక్కర లేదు. నెలాఖరు లెక్కను మరుసటి నెల ఒకటవ తేదీన కట్టుట మేలు. నిన్నటి వానను నేటి ఉదయమున కొలుచుటలోని తెలివి ఇదియే.

మూడవది, క్రాన్ పరాయి కూలి. ‘పెరటి గదిలోని గునపము తెమ్ము’ అని ఇంటి పాలేరునకు చెప్పిన తెచ్చును. నిన్న వచ్చిన కూలికి ఏ పెరడో, ఏ గదియో, ఏ మూలయో చెప్పవలెను. మనము యంత్రము ముందు కూర్చుండి చేయించినపుడు దానికి మన అలవాట్లు, దారులు తెలిసియుండును. క్రాన్ పిలిచినపుడు అవియేవియు తెలియవు. చేతితో చేసినప్పుడు చక్కగా జరిగిన పని రాత్రి క్రాన్ చేతిలో చెడుటకు సాధారణముగా ఇదే కారణము. కావున పనిముట్టు ఉన్నచోటును మొదటినుండి చివరిదాక పూర్తిగా వ్రాయవలెను.

నాలుగవది, ఒకదానిమీద ఒకటి పడుట. పది నిమిషములకొకసారి చేయు పని ఒకనాడు పదునైదు నిమిషములు పట్టినచో, మొదటివాడు ముగింపకముందే రెండవవాడు వచ్చును. ఇద్దరును ఒకే లెక్కను తిరుగ వ్రాయుదురు. దీనికి తాళము వేయు పద్ధతి కలదు: లోపలివాడు వెలుపలికి వచ్చువరకు రెండవవాడు వెనుదిరుగును. ఇట్టిదే ఇంకొకటి, అందరును అర్ధరాత్రినే ఎన్నుకొనుట. నాగార్జునసాగరు నుండి 1967లో కాలువలకు నీరు విడిచిన తరువాత కుడికాలువ క్రింద సేద్యమునకు అలవాటుపడిన పల్నాటి రైతునకు దీనిని వివరింపనక్కర లేదు. నీరు తక్కువైన ఏట అన్ని తూములును ఒక్కసారి ఎత్తిన చివరి చేనికి చుక్క చేరదు, అందుకే వంతులు. సర్వరులోను నకలు ఒంటిగంట పదికి, చిట్టాలు రెండుంబావునకు, మరమ్మతులు మూడు నలుబదికి అని ఎడముగా పెట్టుకొనవలెను.

అయిదవది, జవాను లేని వేళ. విద్యుచ్ఛక్తి పోయి యంత్రము ఆగినచో ఆ నిమిషములోని పని తప్పినట్లే. క్రాన్ వెనుకకు చూడదు. రాత్రిళ్ళు ఆపివేయు యంత్రములకై అనాక్రాన్ అను తమ్ముడొకడు కలడు. ‘ఈ పని చేసి ఎన్ని దినములైనది?’ అని చూచి, గడువు మించినచో యంత్రము లేవగానే చేయించును. 2010లో వచ్చిన సిస్టమ్‌డి అను వ్యవస్థలోని టైమరులకును ఈ నేర్పు పెట్టవచ్చును; పైగా అందరు ఒక్కసారి లేవకుండ ప్రతి పనిని కొంత ఆలస్యపరచు సదుపాయమును కలదు. అందువలననే క్రొత్త లినక్సు యంత్రములలో క్రాన్‌తోపాటు ఇవియు పని చేయుచున్నవి.

ఇన్ని జాగ్రత్తలు పడినను చాలని సందర్భమొకటి కలదు. అది మేము పుస్తకములో చదివినది కాదు.

పల్నాటి వీరుల కథను పాడు గాయకులు నేటికిని ఉన్నారు. కార్తిక మాసాంతమున అమావాస్య నుండి కారెంపూడిలో అయిదు దినములు జరుగు వీరారాధనలో ఆ పాట వినవలెను. మేమును మిత్రులును కలిసి కొన్నేండ్లు ఆ ప్రాంతమున తిరిగి, వృద్ధ గాయకుల యిండ్ల అరుగులమీద కూర్చుండి, వారి పాటలు ధ్వనిముద్రణ చేసితిమి. ఆ ముద్రణలను ఒక సంస్థవారి సర్వరులో దాచితిమి. దాని పేరు చెప్పము; దాని తప్పు ఎంతయో మా తప్పును అంత. ప్రతి రాత్రి రెండు గంటలకు నకలు తీయునట్లు క్రాన్ పట్టికలో వ్రాసియుండిరి. పంక్తి సరిగానే యుండెను. వేళయు సరిగానే యుండెను. ప్రతి రాత్రి పని జరుగుచునే యుండెను.

ఒక వేసవి రాత్రి విద్యుచ్ఛక్తి పోయి వచ్చినది. యంత్రము తిరిగి లేచినది గాని, నకళ్ళు దాచు రెండవ డిస్కు దానికి తగులుకొనలేదు. డిస్కు ఉండవలసిన చోట అదే పేరుగల ఖాళీ అర మాత్రము మిగిలినది. క్రాన్ పిలిచిన పని ఆ అరను చూచి, అదియే డిస్కనుకొని, నకళ్ళను అందులో పెట్టసాగినది. అనగా అసలును నకలును ఒకే డిస్కులో, ఒకే పెట్టెలో రెండు దస్తావేజులవలె కూర్చున్నవన్నమాట. ఏడు నెలలు ఇట్లు జరిగినది. పని ముగిసినదని ప్రతి రాత్రియు యంత్రము ఒక ఉత్తరము వ్రాసినది. డిస్కు కానరాలేదన్న హెచ్చరికయు ఏదో మూల వ్రాసినది. ఆ ఉత్తరములు పడు పెట్టెను తెరచి చూచువారు లేరు. ఎనిమిదవ నెలలో డిస్కు చెడినది. రెండును పోయినవి.

మిత్రుల ఫోనులలోను, పాత టేపులలోను వెదకి కొంత రాబట్టితిమి. పదునొకండు సాయంకాలముల పాట మాత్రము రాలేదు. మరల పాడించుకొందమని వెళ్ళితిమి. ఆ గాయకులలో ఇద్దరు అప్పటికి గతించియుండిరి. ఒకరి యింట వారి మనుమడు ‘తాత పాడినది మీ దగ్గరున్నదిగదండీ, మాకొకసారి వినిపింపుడు’ అని అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఆనాటినుండి మేము మూడు సంగతులు పట్టుదలగా చెప్పుచున్నాము.

పని జరుగుట వేరు, పని ఫలించుట వేరు. నకలు తీయు పని, తీయుటకు ముందు ‘ఇది నిజముగా ఆ రెండవ డిస్కేనా?’ అని పరీక్షించుకొనవలెను. కానిచో పని చేయక నిలిచి, కేక వేయవలెను. ఖాళీ అరలో పెట్టి ‘ముగిసినది’ అనుట కంటె ఆగిపోవుటయే మేలు.

రెండవది, నకలు ఉన్నదని నమ్మవలదు, తెరచి చూడవలెను. నెలకొకసారియైనను ఏదో ఒక పాత ముద్రణను నకలులోనుండి బయటకు తీసి, వేరొక యంత్రములో వినవలెను. కుండలోని వడ్లు మొలకెత్తునా లేదా యన్నది నాలుగు గింజలు నానబెట్టి చూచిన గదా రైతునకు తెలియును.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కేక వేయు యంత్రము కంటె కేక వేయుట మానిన యంత్రము ఎక్కువ ప్రమాదకరము. పని చెడినప్పుడు ఉత్తరము వ్రాయుమని యంత్రమునకు చెప్పినాము సరే. యంత్రమే మూలపడినచో ఉత్తరమెవరు వ్రాయుదురు? కావున ఏర్పాటును తలక్రిందులు చేయవలెను. పని చక్కగా ముగిసిన ప్రతిమారు వేరొకచోట నున్న యంత్రమునకు ‘బాగున్నాను’ అని ఒక మాట పంపవలెను. రావలసిన వేళకు ఆ మాట రానిచో ఆ రెండవ యంత్రము మనుష్యుని లేపవలెను.

ఇందు క్రొత్తదనమేమియు లేదు. పరిశీలన కేంద్రముల లెక్కలు చేరు చోట పట్టికలో ఊరికొక గడి యుండును. రెంటచింతల గడి ఖాళీగా నున్నచో చూచువానికి వెంటనే తెలియును. నిశ్శబ్దము కంటికి కనబడునట్లు చేయుటయే ఆ గడి చేయు మేలు. మా పాటల విషయమున అట్టి గడి యొక్కటి ఉండియుండినచో ఏడు నెలలు కాదు, ఏడు గంటలకే తెలిసియుండెడిది.

సర్వరులు లేని గృహస్థులకు ఇదంతయు ఎందుకని మీరడుగవచ్చును. మీ యింట ఫోనులో పెండ్లి ఫోటోలున్నవి, పసిపిల్లవాని మొదటి మాటలున్నవి, అమ్మమ్మ గొంతున్నది. వానికి నకలెక్కడ? నెలలో మొదటి ఆదివారమున, ఉదయపు కాఫీ త్రాగిన పిమ్మట, వానిని వేరొక డిస్కులోనికి దించి, అందొక పాత ఫోటోను తెరచి చూచి, ఆ మాట గోడ క్యాలెండరుమీద ఒక గుర్తు పెట్టుడు. గుర్తు లేని నెల ఏదో ఇంటిల్లిపాదికిని తెలియును. క్రాన్ చేయలేని ‘మొదటి ఆదివారపు’ లెక్కను మీ క్యాలెండరు తడబడకుండ చేయును.

రేపు ఉదయము ఎనిమిదిన్నరకు రెంటచింతలలో ఉష్ణమాపకమును చూచి అంకె వ్రాసికొందురు. ఎండ కాచినను, వాన కురిసినను, పండుగయైనను ఆ వేళ మారదు. ఆ అంకె మీ చెవిని పడినప్పుడు, అదే వేళకు మీ ఇంటి గోడమీది గుర్తును ఒకసారి చూచుకొనుడు.